మెల్డన్‌బరీ కోటకు గుమ్మడికాయ

ఇంట్లో గ్యాసు కట్టేశామో లేదో అన్న అనుమానం రైలు కదిలాక అందరికీ వస్తుంది. నూకరత్నానికి టిక్కెట్టు కొనకముందే వస్తుంది. అందుకని ఆమె టిక్కెట్టు కొననివ్వదు. అనకాపల్లి గవరపాలెంలో ఆమె కాపురం పెట్టిన నాటినుంచి ఆ ఇంట్లో గ్యాసు పేలలేదు, పాము దూరలేదు, మిద్దె కూలలేదు. ఇవన్నీ తను ముందుగా భయపడబట్టే జరగలేదని ఆమె నమ్మకం. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినా, ఈ ఒక్క విషయంలో ఆమెది లోతైన పరిశోధన.

భర్త కొండలరావుకు బెల్లం మార్కెట్లో దుకాణం ఉంది. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య భయాలకు జవాబులు చెప్పేవాడు. కొన్నాళ్లకు ఊఁ కొట్టడంతో సరిపెట్టాడు. ఇప్పుడు అదీ మానేసి, ఆమె ఒక భయం చెప్పడం ముగించగానే పేపరు ఒక పేజీ తిప్పుతాడు. ఆయన పేపరు తొందరగా అయిపోవడానికి కారణం వార్తలు తక్కువ కావడం కాదు.

కూతురు హిమజ విశాఖపట్నంలో ఒక స్కూల్లో డ్రాయింగు టీచరు. రోజూ రైల్లో వెళ్లి వస్తుంది. రైలెక్కాక ఒక ఫోను, దిగాక ఒక ఫోను, స్కూలు మెట్లెక్కాక ఒక ఫోను. మెట్ల దగ్గర ఫోనెందుకని ఒకసారి అడిగింది గాని, ఆ మెట్లు వానకి జారతాయని తల్లి చెప్పిన తీరు చూసి మళ్లీ అడగలేదు. అది మండు వేసవి.

వాళ్ల వంటింటి గూట్లో ఒక రేకు బిస్కెట్ డబ్బా ఉంది. దాని మూత మీద ఒక బొమ్మ. గుట్ట మీద రాతి కోట, కోట కింద పొందికైన రాతి ఇళ్లు, ఒక వంతెన, వంతెన కింద బాతులు. మూత తీస్తే జ్వరం మాత్రలు, కాలినచోట రాసే మందు, పిన్నీసులు, కొవ్వొత్తి ముక్క, దొంగలొస్తే ఊదడానికి ఒక విజిల్. మూత మీద ఉన్నది హిమజ లోకం, మూత కింద ఉన్నది నూకరత్నం లోకం. చిన్నప్పుడు జ్వరం వస్తే హిమజ మాత్ర నోట్లో వేసుకుని, ఆ బొమ్మ వంక చూస్తూ మింగేది. ఆ వంతెన మీద నిలబడి ఆ బాతుల బొమ్మ వెయ్యాలని అప్పట్నుంచీ ఉంది.

ఆ ఊరు నిజంగానే ఉందని ఈ మధ్యే తెలిసింది. ఇంగ్లండులో ఉందట. పేరు మెల్డన్‌బరీ. కోట కింది పాత ఇళ్లను సెలవుల్లో వారం చొప్పున అద్దెకిస్తారట. హిమజ రెండేళ్ల నుంచి సాయంత్రాలు ట్యూషన్లు చెప్పింది ఇందుకేనని కూడా అప్పుడే తెలిసింది.

నూకరత్నం విమానం దగ్గర మొదలుపెట్టి, చలి మీదుగా, ఆ ఊళ్లో కారం దొరకదన్నదాకా వచ్చింది. హిమజ అంతా విన్నది.

"ఒక్క వారం అమ్మా," అంది. "మెట్టెక్కితే కింద నుంచి జాగ్రత్త అని వినపడని చోట ఒక్క వారం కూచుని బొమ్మలేసుకుంటాను. నువ్వూ రా. నిన్ను వదిలేసి వెళ్తే నువ్వు తిండి మానేస్తావు. అది గుర్తొచ్చి నేను మానేస్తాను. ఈ సెలవుల్లో కుదరకపోతే మరింక అడగను."

అరిచి ఉంటే నూకరత్నం కూడా అరిచి కాదనేది. హిమజ అరవలేదు. డబ్బా మూత పెట్టి, గూట్లో తోసి, వెళ్లి అన్నం వడ్డించింది. ఆ మూత పెట్టిన చప్పుడుకే నూకరత్నం ఒప్పేసుకుంది.

ఇక మెల్డన్‌బరీ వారి సంగతి.

ఆ ఊరిని నడిపేది కోట గ్రామ వారసత్వ పరిరక్షణ మండలి. కొన్నేళ్ల కిందట ఒక సందర్శకుడు కోట మెట్ల మీద జారిపడ్డాడు. పడినందుకు అతను ఫిర్యాదు చేయలేదు. పడతానని తనకు ముందే అనిపించిందనీ, ఆ సంగతి తనను ఎవరూ అడగలేదనీ ఫిర్యాదు చేశాడు. మండలి వారు సిగ్గుపడి ఒక నియమం చేశారు. ఊళ్లో బస చేయదలచిన ప్రతి అతిథినీ రాకముందే, మీ భయాలేమిటని అడగాలి. చెప్పిన ప్రతి భయాన్నీ నిజమైన ప్రమాదంగా ఎంచి తగిన చర్య తీసుకోవాలి. అది పూర్తయ్యేదాకా బస ఖాయం చేయకూడదు. ఇందుకోసం పూర్వభయ నమోదు అధికారి అనే పదవిని సృష్టించి, హాక్స్‌బీ అనే పెద్దమనిషిని అందులో కూర్చోబెట్టారు.

పాపం ఆయనకు ఇన్నేళ్లుగా పని తగల్లేదు. అడిగిన ప్రతివాళ్లూ భయమేమీ లేదండీ అని నవ్వి తాళాలు పట్టుకెళ్లిపోయేవారు. ఆయన రోజూ టై కట్టుకొచ్చి, పెన్సిల్ చెక్కుకుని, సాయంత్రం ఆ పెన్సిల్‌నే చూసుకుని ఇంటికి పోయేవాడు.

భయాన్ని మాతృభాషలోనే నమోదు చేయాలని మరో నియమం ఉంది. అందుకు ఆ దేశంలో స్థిరపడ్డ నాగభూషణం గారిని పిలిపించారు. ఆయన ఇక్కడ రెవెన్యూ శాఖలో చేసి రిటైరైనవాడు. ఉద్యోగం వదిలింది గాని, ఆ భాష ఆయన్ను వదల్లేదు.

ఒక మధ్యాహ్నం కంప్యూటరు తెర మీద ఇద్దరూ కనిపించారు. ఇటువైపు నూకరత్నం కొత్త చీర కట్టుకుని కూర్చుంది. వెనక కుర్చీలో కొండలరావు, పేపరు.

"అమ్మా, ప్రతిపాదిత బస విషయమై తమకు గల భయములేవైనా ఉన్నచో నిస్సంకోచముగా తెలియజేయవలసినదిగా మండలి వారు కోరుచున్నారు," అన్నారు నాగభూషణం గారు.

నూకరత్నం ఒకసారి వెనక్కి తిరిగి భర్తను చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఇంత మర్యాదగా ఈ ముక్క ఆమెను ఎవరూ అడగలేదు. గొంతు సవరించుకుంది.

"మొదట్నుంచి చెప్పమంటారేటండి?"

హిమజ బల్ల కింద తల్లి కాలు తొక్కింది. ఆలస్యమైపోయింది. హాక్స్‌బీ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆయన మొహంలో వెలుగు ఈ ఖండం దాకా కనిపించింది.

ఆ రోజు ఆమె ఊరికే పైపైన చెప్పింది. కోట మెట్లు నున్నగా ఉన్నాయన్నది, అద్దె ప్రకటనలోని ఫోటోల్లోనే తెలుస్తోందన్నది. నూతికి మూత లేదంది. బాతులు కరవవని నమ్మకమేమిటంది. చివర్లో, ఆ ఫోటోల్లో కోట గుమ్మం ముందు కనిపిస్తున్న పాత ఫిరంగిని చూపించింది.

"అది పేలదేటండి?"

హాక్స్‌బీ నవ్వి, మూడొందల ఏళ్లుగా పేలలేదన్నాడు.

"మరదే నేననేది. లోపల ఉండిపోయినట్టే కదా. ఎవరైనా చూసేరా?"

నాగభూషణం గారు అనువదించారు. హాక్స్‌బీ పెన్సిల్ ఆగింది. ఆ మాట నిజం. ఎవరూ చూడలేదు. ఆయన లేచి తెరలోంచి వెళ్లిపోయాడు. కాసేపటికి బయట ఎక్కడో గంట మోగింది, తరవాత మనుషులు పరుగెత్తుతున్న చప్పుడు.

ఊరు ఖాళీ చేయించి ఫిరంగిలో వెదికితే ఒక పిట్టగూడు దొరికిందట. దాంతో ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. దొరికింది పిట్టగూడు కావడం కేవలం అదృష్టమనీ, అనకాపల్లి నుంచి ఒక సామాన్య గృహిణి హెచ్చరించకపోతే ఈ ప్రశ్నే పుట్టేది కాదనీ మండలి తీర్మానించింది. మెట్లకు తాళం పడింది. నూతికి ఇనుప మూత పడింది. బాతులకు వలతో దొడ్డి కట్టి, కోపం తగ్గడానికి ఒక నిపుణుణ్ణి పెట్టారు. ఫిరంగి చుట్టూ పరుపులు వేశారు.

ఫోటోలు వచ్చాయి. నూకరత్నం వాటిని పక్కింటివాళ్లకీ ఎదురింటివాళ్లకీ చూపించింది. కొండలరావు దుకాణానికి కూడా పంపించింది. తను ఇన్నాళ్లు చెప్పిందల్లా గాలికి పోయింది గాని, విన్నవాళ్లు ఉంటే కథ వేరేగా ఉండేదని ఆమెకు అప్పుడు తెలిసింది. తలుపు గడియ సరిగా పడదు, బాగుచేయించండని ఆయనకు ఎన్నేళ్లుగా చెబుతోంది. అదే మెల్డన్‌బరీలో చెప్పి ఉంటే ఈపాటికి ఊరి తలుపులన్నీ మార్చేవారు.

హిమజ ఆ ఫోటోలు చూసి, బాతులేవమ్మా అని మాత్రం అడిగింది. వల వెనకాల తెల్లగా ఉన్నవేనని నూకరత్నం చూపించింది.

రెండో పిలుపుకి మండలి సభ్యులందరూ వచ్చి కూర్చున్నారు. ఇంతదాకా చెప్పినవి కంటికి కనిపించే భయములనీ, అనుభవజ్ఞురాలైన శ్రీమతి వారు కంటికి కనిపించని వాటిని సైతం అనుగ్రహించాలనీ నాగభూషణం గారు విన్నవించారు. అంతటివాళ్లు అంతగా అడిగితే కాదంటే బాగుండదు. నూకరత్నం అసలు సరుకు తీసింది.

బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఆగి, కూర్చుని, కాసిని నీళ్లు తాగి వెళ్లాలంది. గడప దాటేవాళ్లను ఎక్కడికని అడగకూడదంది. అంత అందమైన కోటను ఏటా అంతమంది వచ్చి అబ్బా అని చూసిపోతుంటే దిష్టి తగలదా, గుమ్మానికి ఒక గుమ్మడికాయ లేదు, గోడకి ఒక నల్లచుక్క లేదు, ఇన్నాళ్లు ఎలా నిలబడిందోనంది.

సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కోట పడమటి బురుజు కూలిపోయి ఉంది. ఎందుకు కూలిందో ఇప్పటిదాకా ఏ పండితుడూ తేల్చలేకపోయాడు.

అక్కణ్నుంచి పనులు చకచకా సాగాయి. నల్లచుక్క ఎంత వెడల్పుండాలన్నదాని మీద పురావస్తు నిపుణులు రెండు వర్గాలై వాదించుకున్నారు. చివరికి, రాబోయే తరాలవారు కావాలంటే తుడిచేసుకోగలిగే రంగుతో, తూర్పు బురుజు బుగ్గ మీద పెట్టారు. బూడిద గుమ్మడికాయ దొరక్క తమ దేశపు ఎర్ర గుమ్మడికాయ తెచ్చి, చారిత్రక కట్టడాలకు వేలాడదీయదగిన వస్తువుగా దానికి గుర్తింపు ఇప్పించి, పట్టుతాడుతో కోట గుమ్మానికి కట్టారు. అది చూసి నూకరత్నం, తాడు తెగి ఎవరి నెత్తినైనా పడితేనో అంది. ఊరందరికీ హెల్మెట్లు వచ్చాయి.

బస్సు డ్రైవరు ఎక్కేవాళ్లను ఎక్కడికని అడగకూడదన్నారు. అడగకుండా ఆయన టిక్కెట్టు ఇవ్వలేడు. టిక్కెట్టు లేనివాళ్లను ఎక్కించుకోకూడదు. బస్సు వేళ తప్పకుండా ఖాళీగా తిరిగింది. దారి చెప్పడానికి సమాచార కేంద్రంలో కూర్చున్న ఆవిడ, వచ్చినవాళ్లను చూసి నవ్వడంతో సరిపెట్టుకుంది.

తుమ్ము నియమం మాత్రం అందరికీ పట్టుకుంది. ఆ దేశంలో అది గడ్డి పూసే కాలం. పుప్పొడి గాలిలో లేచి సగం ఊరు తుమ్ముతూ ఉంటుంది. ఒకడు తుమ్మితే విన్నవాళ్లందరూ కూర్చోవాలి, నీళ్లు తాగాలి, లేవాలి. లేచేలోపు ఇంకొకడు తుమ్ముతాడు. పోస్టుమాను వీధిలో మూడో ఇంటి గుమ్మం దాటలేకపోయాడు. చర్చిలో పెళ్లి జరిగి బయటికొచ్చిన జంట మెట్ల మీదే కూర్చుండిపోయి, చేతుల్లో గ్లాసులతో చుట్టాలకు కనిపించారు. ఊళ్లో మంచినీళ్ల వాడకం పెరిగిందని, ఆరోగ్యానికి మంచిదేనని మండలి ప్రకటించింది.

ఇన్ని జరుగుతున్నా వీళ్లకు బస ఖాయం కాలేదు. ఒక భయానికి చేసిన చర్యలోంచి నూకరత్నానికి ఇంకో భయం కనిపించేది. ఆమె చెప్పేది, హాక్స్‌బీ రాసుకునేవాడు. ఆయన ఈమధ్య రోజుకు రెండు పెన్సిళ్లు అరగదీస్తున్నాడు. ఇక్కడ స్కూలు తెరిచే రోజు దగ్గరపడుతోంది.

ఒక సాయంత్రం మండలి వారు ఊరంతా తిప్పి తీసిన వీడియో పంపించారు. తల్లీకూతుళ్లు పక్కపక్కన కూర్చుని చూశారు. వంతెనకు అటూ ఇటూ ఎత్తైన దడి. నీళ్ల మీద బాతుల్లేవు. పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెల్లగా నడుస్తున్నారు. ఒక ఇంటావిడ తలుపు తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి తాళం లాగి చూసి, మళ్లీ నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చి లాగింది. ఎవరూ ఎవరినీ ఎక్కడికని అడగట్లేదు.

నూకరత్నానికి కడుపు నిండినట్టయింది. పక్కకు చూసింది. హిమజ కళ్లు తుడుచుకుంటోంది.

"ఏటే, ఏమైంది?"

"ఏం లేదమ్మా. ఒక్క వారం మనింట్లోంచి ఎక్కడికైనా పోదామనుకున్నాను. నువ్వు మనింటినే అక్కడికి పంపించేశావు."

అంది, లేచి వెళ్లిపోయింది. కొండలరావు పేపరు పేజీ తిప్పలేదు. అది నూకరత్నానికి మరీ కష్టంగా తోచింది.

ఆ రాత్రి వంట చేస్తూ ఆమె ఆ వీడియోలోని ఇంటావిణ్ణి తలుచుకుంది. తాళం లాగి చూడటం తను ఎవరికీ చెప్పలేదే, అది ఆవిడకు ఎలా వచ్చింది? మొదటిసారి తన భయం బయటినుంచి ఎలా ఉంటుందో కనపడింది. అంత బాగా లేదు. పైగా ఆవిడ హెల్మెట్ వంకరగా పెట్టుకుంది.

మర్నాడు తనే హిమజ చేత ఫోను కలిపించి, తన భయాలన్నీ వెనక్కి తీసుకుంటానంది.

తెర మీద హాక్స్‌బీ మొహం వాడిపోయింది. నాగభూషణం గారు తల అడ్డంగా ఊపారు.

"అమ్మా, ఒకసారి నమోదైన భయమును దాఖలు చేసినవారు ఇష్టానుసారము ఉపసంహరించుకొనుటకు వీలులేదు. ప్రత్యక్ష నిర్భయ విచారణ జరగవలెను. అనగా తాము స్వయముగా విచ్చేసి, ఒక్కొక్క భయము ఎదుట నిలబడి, దానిని దాటవలెను. విచారణ ముగిసేలోగా తమ నోట ఒక్క భయపు మాట వెలువడినను, సదరు భయములన్నియు శాశ్వతములగును. కోట ఇక ఎవరికీ తెరవబడదు."

"మరి మాకు బస లేదన్నారు కదండీ?"

అతిథులుగా లేదన్నారు. భయదారుగా ఆమెకు, భయదారు సహాయకురాలిగా హిమజకు ప్రవేశం ఉందట.

కొండలరావు పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "అన్నాళ్లు నోరు కట్టుకుని ఉండగలవా?"

"ఉంటాను."

"వచ్చేక?"

"వచ్చేక సంగతి ఇప్పుడు అడక్కండి."

విమానం గురించి ఆమెకున్న భయాలను ఎవరూ అడగలేదు గనక అవి ఆమెతోపాటే, ఆమె సీట్లోనే ప్రయాణం చేశాయి. రేకు డబ్బా ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఆమె ఏమీ అనకపోవడం అభ్యాసం చేసింది. హిమజ రెండుసార్లు ఒంట్లో బాగుందా అని అడిగింది.

మెల్డన్‌బరీ అచ్చం డబ్బా మూతలాగే ఉంది. హెల్మెట్లు తీసేస్తే.

విచారణ చూడటానికి ఊరంతా వచ్చింది. నూకరత్నం నూతి మూత తీయించి లోపలికి తొంగిచూసింది. చీకటి, తన మొహం, అంతే. ఫిరంగి నోటి ముందు నిలబడింది. పిట్ట ఒకటి బయటికొచ్చి ఈమెను చూసి మళ్లీ లోపలికి పోయింది. బాతుల దొడ్డిలోకి వెళ్తే ఒకటి చీర కుచ్చిళ్లు పట్టి లాగింది. నూకరత్నం పెదాలు బిగించి, కుచ్చిళ్లు విడిపించుకుని, దాని తల నిమిరింది. ఒక్కొక్కటి దాటుతుంటే మనుషులొచ్చి ఒక్కొక్క దడీ పీకేశారు. బాతులు గోల చేసుకుంటూ వంతెన కిందికి దిగాయి. హిమజ బొమ్మల పుస్తకం తీసింది.

గుమ్మడికాయను ఆమె చేతే దింపించారు. అది ఎప్పుడో కుళ్లింది. నల్లచుక్కను తడిగుడ్డతో తనే తుడిచింది. కోటకు ఆ మాత్రం చుక్క ఉంటే తప్పేముందని మనసులో అనుకుంది గాని, మనసులోది హాక్స్‌బీకి వినపడలేదు.

తరవాత ఆమె బసలోంచి గడప దాటుతుండగా నాగభూషణం గారు ఎక్కడికని అడగాలి. ఆయన గుమ్మం పక్కన చాలాసేపు నిలబడ్డారు. గొంతు బాగా తగ్గించి, "ఎక్కడికమ్మా?" అన్నారు. వెంటనే, "ఏమీ అనుకోకండి, ఉద్యోగ ధర్మం," అని, రెవెన్యూ భాష మొత్తం మరిచిపోయి, పక్కకు తిరిగి చెంపలేసుకున్నారు.

"కోటకండి," అంది నూకరత్నం.

ఇంక రెండే మిగిలాయి. కోట మెట్లు, తుమ్ము. తుమ్ము సహజమైనదై ఉండాలని నియమం. ఆ రోజు చిత్రంగా ఊళ్లో ఒక్కరికీ తుమ్ము రావడం లేదు. కొందరు సాయం చేయబోయి ముక్కులు ఎగబీల్చారు గాని, హాక్స్‌బీ ఒప్పుకోలేదు. అది రేపు చూద్దామన్నారు.

మెట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి పోయాయి. ముందు హిమజ, వెనక నూకరత్నం, ఆ వెనక నాగభూషణం గారు, ఆఖర్న పెన్సిల్ పట్టుకుని హాక్స్‌బీ. మెట్లు నిజంగానే నున్నగా ఉన్నాయి. తను చెప్పింది రైటేనని నూకరత్నానికి ఒక్క క్షణం గర్వం కలిగింది. ఆ గర్వంతోనే మిగతావి ఎక్కేసింది.

పైన గాలి హోరున వీస్తోంది. కింద ఊరు, వంతెన, నీటి మీద తెల్లటి చుక్కల్లా బాతులు. అంతా మూత మీద బొమ్మే, కాకపోతే కదులుతోంది. హిమజ అది చూసి మనిషి మారిపోయింది. పుస్తకం తెరిచి, ఇంకా బాగా కనపడాలని పిట్టగోడ అంచున ఉన్న రాయి మీద ఒక కాలు పెట్టి, మోకాలు ఆనించి, ముందుకు వంగింది. చున్నీ గాలికి అటువైపు ఎగిరింది.

నూకరత్నం గొంతులోకి ఆ మాట వచ్చేసింది. ఈ కూతురికి నడక వచ్చిన నాటినుంచి రోజూ చెప్పిన మాట. నాలుక దాకా వచ్చి నిలబడింది. హాక్స్‌బీ పెన్సిల్ ఎత్తి పట్టుకుని ఆమె నోటివంకే చూస్తున్నాడు. ఆ ఒక్క మాట బయటపడితే కింద వంతెనకు మళ్లీ దడి, బాతులకు మళ్లీ వల, హిమజ ఇంకెప్పుడూ ఏదీ అడగదు. హిమజ ఇంకొంచెం వంగింది.

"హిమా," అంది నూకరత్నం. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆకలేస్తందే. పులిహోర తిందువు, ఇలా రా."

హాక్స్‌బీ నాగభూషణం గారి వంక చూశాడు. ఆయన అనువదించారు. ఆకలి భయముల కిందికి వస్తుందా అని ఇద్దరూ కాసేపు తర్జనభర్జన పడ్డారు. ఆకలి ఒక స్థితి మాత్రమేనని, నమోదుకు అర్హం కాదని తేల్చారు. ఈలోపు హిమజ రాయి దిగి వచ్చి, తల్లి పక్కన రాతి అరుగు మీద కూర్చుంది.

నూకరత్నం రేకు డబ్బా తెరిచింది. మాత్రలూ విజిలూ బసలో వదిలేసి, పొద్దున్న వండిన పులిహోర అందులో పెట్టి తెచ్చింది.

"నీకు ఆకలేస్తోందా?" అంది హిమజ.

"వేస్తంది."

"ఇందాకేగా తిన్నావు."

"తిను."

హిమజ అంచున ఉన్న ఆ రాయిని చూసింది. తల్లి చేతులను చూసింది. ఒక చేతిలో డబ్బా ఉంది, ఇంకో చేతిలో హిమజ చున్నీ కొస బిగించి ఉంది. మొదటి ముద్ద తీసి తల్లి నోట్లో పెట్టింది.

పెద్దమనుషులిద్దరూ చూస్తుండగా తినలేరు కదా. వాళ్లకూ తలా కాస్త పెట్టారు. నాగభూషణం గారు కళ్లు మూసుకుని తిన్నారు. హాక్స్‌బీ చాలా బాగుందని చెబుతూ, వేగిన ఎండు మిరపకాయను కూరముక్క అనుకుని కొరికాడు. మర్యాదస్తుడు గనక ఉమ్మలేదు.

తిన్నాక దిగుదామని నూకరత్నం లేచి, మొదటి మెట్టు దగ్గరకొచ్చి కాలు ఎత్తింది. సరిగ్గా అప్పుడు హాక్స్‌బీ తుమ్మాడు. చిన్న తుమ్ము కాదు. అన్నేళ్లుగా పనిలేక లోపల దాచుకున్నదంతా ఒక్కసారి వచ్చినట్టు తుమ్మాడు. కోట గోడలకు తగిలి అది ఊరంతా వినిపించింది.

కింద వీధిలో జనం ఎక్కడివాళ్లక్కడ కూర్చుండిపోయారు. పోస్టుమాను కూర్చున్నాడు. బస్సు ఆగింది. పైన హాక్స్‌బీ తన నియమాన్ని తానే పాటించి అరుగు మీద చతికిలపడి, కళ్లనీళ్లు కారుతుండగా పెన్సిల్ చేతికి తీసుకున్నాడు. నాగభూషణం గారైతే నియమం గుర్తురాకముందే కూర్చున్నారు.

నూకరత్నం ఒంటికాలి మీద నిలబడి ఉంది. మోకాలు దానంతటదే వంగబోయింది. ఊరు ఊరంతా ఆమె కోసం కూర్చుని, తలలెత్తి చూస్తోంది. హిమజ చూస్తోంది.

"పదవే," అంది నూకరత్నం. కాలు మెట్టు మీద పెట్టింది.

కుడికాలే ముందు పెట్టింది. అది ఎవరూ రాసుకోలేదు.